మైసమ్మ మలుపు దాటిన చుక్క

మా బాపు లారీ డ్రైవర్. హాస్టల్లో ఈ మాట చెబితే తోటి అమ్మాయిలు కొందరు "అయ్యో" అనేవాళ్లు. ఆ అయ్యో ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అప్పుడైతే ఒళ్లు మండిపోయేది. వాళ్ల నాన్నలు పొద్దున ఒక కుర్చీలో కూర్చుని సాయంత్రం అదే కుర్చీలోంచి లేచేవాళ్లు. మా బాపు పెద్దపల్లి మిల్లుల దగ్గర బియ్యం ఎక్కించుకొని, కరీంనగర్ దాటి, గోదావరి దాటి, అడవిలోంచి పోయి, ఘాటు ఎక్కి ఆదిలాబాద్ చేరేవాడు. అక్కడ పత్తి ఎక్కించుకొని అదే దారిన వచ్చేవాడు. మరి అయ్యో అనవలసింది ఎవరిని చూసి? కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని మా అవ్వ, అంటే మా అమ్మ, అనేది. నిజమే, ఈ ముచ్చటలో కూడా అది ఆగకుండా బయటికొస్తుంది, ముందే చెప్పేస్తున్నాను.

డెబ్బైల మొదట్లో సంగతి. బడికి ఎండాకాలం సెలవులు ఇచ్చారంటే చాలు, లారీ ఎక్కుతానని నేను ఏడుపు మొదలుపెట్టేదాన్ని.

"ఆడివిల్ల లారీ ఎక్కుడేంది? ఎవలన్న జూస్తే ఏమంటరు?" అని అవ్వ కసిరేది.

"ఎవలేమంటే నాకేంది? ఇంట్ల ఉంటే దినాం నీ పానం దీస్తది. పోనియ్యి, నేను తోల్కపోత," అనేవాడు బాపు.

డ్రైవర్ సీటుకూ క్లీనర్ సీటుకూ మధ్య ఇంజన్ మీద రేకు మూత ఉండేది. దాని మీద గోనెసంచి నాలుగు మడతలు వేసి నన్ను కూర్చోబెట్టేవాళ్లు. కింద కాలేది, పైన గాలి కొట్టేది. నేనైతే ఆ గోనెసంచి మీద మహారాణినే. బాపు స్టీరింగ్ తిప్పుతుంటే భుజాలు రెండూ కదిలేవి, గేరు మార్చినప్పుడల్లా నా మోకాలికి ఆయన చెయ్యి తగిలేది. "జరుగు బిడ్డా" అనేవాడు. జరగడానికి చోటెక్కడిది?

మా క్లీనర్ లక్సెట్టిపేట అతను, ఇరవై ఏళ్ల వాడు. నేను అన్న అనేదాన్ని, అతను చెల్లె అనేవాడు. ఎదురుగా బస్సొస్తే తలుపు మీద చేత్తో దబదబా కొట్టి "రైట్, రైట్, పోనియ్యి" అని అరిచేవాడు. నేనూ అరిచేదాన్ని. అడవిలో నాకు కునుకు పడితే చెవి దగ్గరికొచ్చి, "చెల్లె, గీడ పులి లారీ ఎక్కుతది, నిద్రపోయినోళ్లను ఫస్ట్ తింటది" అనేవాడు. నేను కళ్లు ఇంతలేసి చేసుకొని కూర్చునేదాన్ని. బాపు నవ్వుకునేవాడు.

లక్సెట్టిపేటలో సగం బియ్యం దించాలి. హమాలీలు బస్తాలు దించేంతసేపూ మేం అన్న వాళ్లింట్లో ఉండేవాళ్లం. వాళ్ల అవ్వను నేను పెద్దవ్వ అనేదాన్ని. గడపలో కాలు పెట్టీ పెట్టగానే మొదటి తిట్టు బాపుకు పడేది.

"పోరి నెత్తి జూసినవా? పిట్టగూడయ్యింది. ఆడివిల్లను గిట్ల తిప్పుతవా? నీకు సిగ్గుండాలె!"

బాపు ఎంత పెద్ద లారీ నడిపినా పెద్దవ్వ ముందు నోరు మెదిపేవాడు కాదు. ఆమె నన్ను రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకొని, నూనె రాసి, చిక్కులన్నీ తీసి, కనుబొమ్మలు పైకి లేచేంత గట్టిగా జడ వేసేది. నేను కెవ్వుమంటే నెత్తి మీద ఒక మొట్టికాయ. తర్వాత వేడివేడి జొన్నరొట్టె, పచ్చిపులుసు. రొట్టె తుంచి నోట్లో పెట్టేది, నా చేతులు బాగానే ఉన్నా సరే. ఆ ఇల్లు దాటి లారీ కదిలాక చాలాదూరం దాకా నా తల గట్టిగా బిగిసే ఉండేది, ఎంత గాలి కొట్టినా ఒక్క వెంట్రుక లేచేది కాదు.

ఇక ఘాటు. నిర్మల్ దాటాక రోడ్డు గుట్టలు ఎక్కడం మొదలుపెడుతుంది. బియ్యం లారీ మొదటి గేరులో మూలుగుతూ ఎక్కేది, పక్కన నడిచేవాళ్లు మమ్మల్ని దాటి పోయేవాళ్లు. పైకి చేరే ముందు ఒక పెద్ద మలుపు, ఆ మలుపులో వేపచెట్టు కింద మైసమ్మ. పసుపు రాసిన రాయి, దానికి రెండు వెండి కళ్లు. అక్కడ ఆగని బండి లేదు. ఎక్కేటప్పుడూ ఆగాలి, దిగేటప్పుడూ ఆగాలి. అన్న కిందికి దూకి చక్రం వెనక రాయి పెట్టేవాడు. బాపు చెప్పులు విడిచి కొబ్బరికాయ కొట్టేవాడు, ఊదుబత్తి వెలిగించి ముందు మైసమ్మకు, తర్వాత లారీకి, ఆ తర్వాత నాకు బొట్టు పెట్టేవాడు. బస్సులు కూడా ఆగేవి. ఒక ముసలి మియాసాబ్ డ్రైవర్ తన లారీ పక్కకు ఆపి, దూరంగా నిలబడి, "అమ్మా, జర సలామత్ రఖ్" అని, క్షేమంగా చూడమని చెయ్యెత్తి మొక్కేవాడు. ఒక బీడీ తాగినంత సేపు పట్టేది మొత్తం. నేను కొబ్బరిముక్క నమలడం అయితేగానీ బాపు లారీ తీసేవాడు కాదు.

ఇంజనీరింగ్ అయ్యాక నాకు రాడార్లు తయారుచేసే ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం వచ్చింది. అప్పటికి బాపు స్టీరింగ్ వదిలేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు.

"రాడార్ అంటే ఏంది బిడ్డా?"

"దూరంగ పోయే బండ్లు ఏడున్నయో కనిపెట్టే మిషన్ బాపు."

"మీ అవ్వ కనిపెడుతుండె గద, నేను ఏ హోటల్ కాడ ఎంతసేపు కూసున్ననో గూడ. దానికి మిషన్ ఎందుకు?"

అవ్వ వంటింట్లోంచి ఏదో గట్టిగానే అంది. బాపు ఇంకా గట్టిగా నవ్వాడు. ఆ తర్వాత కొన్నేళ్లకే ఆయన పోయాడు. నేను చేసిన పని ఏమిటో చూడలేదు.

ఏమిటా పని అంటే, కొంచెం ఓపికగా వినాలి. గుట్ట మీద రాడార్ పెట్టి తిప్పితే, దూరాన రోడ్డు మీద పోయే లారీ తెర మీద ఒక చుక్కగా పడుతుంది. మా రాడార్ కదిలేవాటినే చూస్తుంది. లారీ ఆగిందా, చుక్క మాయం, ఆగిన లారీ దానికి ఒక బండరాయి. పైగా ఆ చుక్క ఉన్నచోట సరిగ్గా పడదు. ఒకసారి రోడ్డుకు ఇవతల చేనులో పడుతుంది, ఇంకోసారి అవతల చెరువులో. చెట్లు, గుట్టలు అడ్డమొస్తే కనిపించదు. నాలుగు బండ్లు ఒకదాని వెనక ఒకటి పోతుంటే ఏ చుక్క ఏ బండిదో చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు. అయితే లారీ చెరువులో పోదు కదా? రోడ్డు మీదే పోతుంది. మరి రోడ్లన్నీ ముందే కంప్యూటర్‌కు చెప్పి పెడితే? చేనులో పడ్డ చుక్కను తెచ్చి రోడ్డు మీద పెట్టొచ్చు. గుట్ట వెనకకు పోయిన బండి ఏ మలుపు దగ్గర, ఎప్పుడు బయటికొస్తుందో ముందే అంచనా వేయొచ్చు. తొంభైల మొదట్లో మా దగ్గర ఆ ప్రోగ్రాం రాసింది నేను. కొన్నేళ్లు అదే లోకంగా బతికాను.

రోడ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఇప్పటిలా మీట నొక్కితే అయ్యేది కాదు. పెద్ద బల్ల మీద మ్యాపు పరిచి, ఎర్రగీత వెంట చిన్న చిన్న గుర్తులు పెట్టుకుంటూ, ప్రతి మలుపునూ విడివిడిగా ఎక్కించాలి. మిగతావాళ్లకు అది నడుములు విరిగే పని. నాకు మాత్రం ఆదిలాబాద్ షీటు వచ్చిన రోజు పండగ. నిర్మల్, ఘాటు, ఆ పైన ఇచ్చోడ. వేలు గీత మీద జరుగుతుంటే బాపు గేరు మార్చిన చప్పుడు వినిపించేది. ఈ మలుపులో హారన్ కొట్టాలి, ఈ దిగుడులో బాపు ఎప్పుడూ "హరీ" అనేవాడు, అని నాలో నేనే గొణుక్కునేదాన్ని.

"ఏమ్మా, మ్యాపుతో మాట్లాడుతున్నావా?" అని నవ్వేవారు మా సారు. మా బృందానికి పెద్ద ఆయనే. గుంటూరు వైపు మనిషి, నెమ్మదస్తుడు. నా కోపాన్ని భరించిన పై అధికారి నా ఉద్యోగంలో ఆయనొక్కరే.

పరీక్షలకు సారు ఆ ఘాటునే ఎంచుకున్నారు. అడవి, గుట్టలు, మలుపులు, వాటి మధ్య ఎడతెగని లారీలు. ఇక్కడ నెగ్గితే ఎక్కడైనా నెగ్గుతుందని ఆయన లెక్క. ఘాటు ఎక్కాక వచ్చే ఒక గుట్ట మీద రాడార్ బిగించి, పక్కనే గుడారం వేసుకున్నాం. ఎక్కే రోడ్డు చాలావరకు కనిపిస్తుంది, ఆ పైన ఇచ్చోడ వైపు పోయే రోడ్డూ కనిపిస్తుంది. నడుమ ఒక్క మైసమ్మ మలుపు మాత్రం కనిపించదు.

మేం వెంబడించడానికి ఒక లారీ కావాలి. మన జీపు పెడదామన్నారు ఎవరో. "జీపు జీపులా పోతుంది, లారీ లారీలా పోతుంది. రోజూ ఈ రోడ్డు మీద తిరిగే మనిషి కావాలి" అని నేను పట్టుబట్టాను. ఇచ్చోడలో వాకబు చేస్తే దొరికింది ఎవరనుకున్నారు? అన్న! మా బాపు దగ్గర క్లీనర్‌గా ఉన్న అన్న. ఒక పత్తి వ్యాపారి లారీకి డ్రైవర్‌గా ఉన్నాడు. మీసాలు నెరిసిపోయాయి, పొట్ట వచ్చింది. నన్ను చూసి కాసేపు గుర్తుపట్టలేదు.

"అన్నా, పులి ఇంకా లారీ ఎక్కుతున్నదా?" అన్నాను.

"ఓరి దేవుడా! చెల్లె! గింత పెద్దదానివైనవా?" అని రోడ్డు మీదనే నా రెండు చేతులు పట్టుకున్నాడు. "బాపు ఉంటే ఎంత సంబురపడుతుండెనో!" ఇద్దరికీ కళ్లు నిండాయి. అతని చేతిలో సగం తాగిన చాయ్ గ్లాసు ఉంది, అది నా చీర మీద ఒలికింది. పెద్దవ్వ ఎట్లుందని అడిగాను. "ఉన్నది. ఇప్పుడు కోడలి నెత్తి దువ్వి దాని పానం దీస్తున్నది" అన్నాడు. ఈ పరీక్షలైపోగానే లక్సెట్టిపేట వస్తానని, పచ్చిపులుసు చేసి పెట్టమని కబురు పంపాను.

అన్నతో మేం చెప్పింది ఒక్కటే. దినాం ఎట్ల తోలుతవో గట్లనే తోలు. లారీలో వైర్‌లెస్ పెట్టుకొని మా టెక్నీషియన్ కూర్చునేవాడు. కరీంనగర్ అబ్బాయి, ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, నోరు ఆగేది కాదు. కిలోమీటరు రాళ్లు చూసి వాళ్లు ఎక్కడున్నదీ చెప్పడం అతని పని. రాడార్ చెప్పింది, అతను చెప్పింది సరిపోతే మేం నెగ్గినట్టు.

మొదట్లో ప్రతిసారీ మైసమ్మ మలుపు దగ్గర బోర్లా పడ్డాం. చుక్క మలుపులోకి పోయేది. అవతల నుంచి వెంటనే ఇంకో చుక్క వచ్చేది, ప్రోగ్రాం దాని వెంట పడేది. అది ఇంకెవరిదో లారీ. మన లారీ మైసమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టుకుంటూ ఉండేది. మూడు నాలుగుసార్లు ఇట్లా అయ్యేసరికి నాకే నవ్వొచ్చింది. రోడ్డు చెప్పాను గానీ రోడ్డు మీది మనుషుల పద్ధతి చెప్పలేదు కదా! కూర్చుని రాశాను. ఈ మలుపులోకి పోయిన ప్రతి బండీ ఆగుతుంది. ఒక బీడీ తాగినంత సేపు ఆగు. అంతకన్నా ముందే బయటికొచ్చిన చుక్క మనది కాదు, దాన్ని వదిలెయ్యి.

సారుకు నచ్చలేదు. "ఒక గుడి కోసం ప్రోగ్రాంలో ప్రత్యేకంగా రాస్తావా? ఆగకుండా పోయేవాడు ఒక్కడూ ఉండడా?"

"ఉండడు సార్. మీకు తెలియదు. మా రోడ్డు మీద మైసమ్మ దగ్గర ఆగని మగాడు పుట్టలేదు," అన్నాను. ఆ గొంతులో గీర ఎంతుందో ఇప్పటికీ నాకు వినిపిస్తుంది.

రాసిన తర్వాత అన్న ఎన్నిసార్లు తిరిగినా తప్పలేదు. చుక్క మలుపులోకి పోయేది, ప్రోగ్రాం ఓపికగా కాచుకొని ఉండేది, సరిగ్గా అన్న లారీ బయటికొచ్చేసరికి పట్టుకునేది. సారు కూడా తలూపారు. "సరేనమ్మా, మీ మైసమ్మే గెలిచింది" అన్నారు.

ఇక ఢిల్లీ నుంచి కమిటీ వచ్చి చూడాలి. కొత్తగా తయారయ్యే రాడార్‌లో మా రోడ్ల ప్రోగ్రాం పెట్టాలా, లేక రోడ్లూ గీడ్లూ లేకుండా ఇంకో బృందం రాసిన మామూలు పద్ధతి చాలా అన్నది ఆ ఒక్కరోజు తేలిపోతుంది. తేడా వస్తే నా కొన్నేళ్ల పని బీరువాలోకే. వారం ముందు నుంచే నాకు తిండి సహించలేదు.

ఇంతలో అన్న కనిపించకుండా పోయాడు. ఊరికి పోయాడన్నారు, ఎందుకో ఎవరికీ తెలియదు. నేను పరేషాన్. "ఫికర్ మత్ కరో మేడం, మాటిచ్చిండంటే వస్తడు" అని టెక్నీషియన్ ధైర్యం చెప్పాడు. అన్నట్టే కమిటీ వచ్చే పొద్దున లారీ తీసుకొని గుట్ట కిందికి వచ్చేశాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ఎండలు మండిపోతున్నాయి, అందరి తలల మీదా తువ్వాళ్లే. ఇడ్లీ పెట్టిస్తే వద్దన్నాడు.

"ఏడికి పోయినవన్నా? నా పానం పోయింది. పెద్దవ్వ మంచిగున్నదా?" అని అడుగుతూనే నేను వైర్లు సర్దుతున్నాను.

"గిప్పుడేం ముచ్చట చెల్లె. ముందుగాల నీ పని కానియ్యి," అన్నాడు. టెక్నీషియన్‌ను ఎక్కించుకొని నిర్మల్ వైపు దిగిపోయాడు.

కమిటీ ముందు వైర్‌లెస్ వాడకూడదు. లారీ ఎక్కడుందో ముందే చెప్పేస్తే ఇక పరీక్ష ఏముంది? చివర్లో మాత్రమే టెక్నీషియన్ మాట్లాడాలి. చుక్క ఘాటు ఎక్కడం మొదలైంది. చేనులో పడ్డ చుక్కను తెచ్చి ప్రోగ్రాం రోడ్డు మీద పెడుతుంటే కమిటీలో పెద్దాయన కళ్లద్దాలు సవరించుకొని ముందుకు జరిగాడు. చుక్క మైసమ్మ మలుపులోకి పోయింది. "ఇక్కడ బండి ఆగుతుంది, మా ప్రోగ్రాంకు ఆ సంగతి తెలుసు" అని నేను గర్వంగా చెప్పాను. వెంటనే అవతలి వైపు ఒక చుక్క బయటికొచ్చింది. ప్రోగ్రాం దాన్ని పట్టించుకోలేదు. కాసేపటికి ఇంకో చుక్క వచ్చింది. ప్రోగ్రాం దాన్ని పట్టుకొని, ఇదే మన లారీ అని చూపిస్తూ మెల్లగా ముందుకు తీసుకుపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అంతలో వైర్‌లెస్ కరకరలాడింది.

"మేడం, ఇచ్చోడ పొలిమేరల ఉన్నం. పని అయినట్టేనా? చాయ్ తాగొచ్చునా?"

తెర మీద మా లారీ ఇంకా ఘాటు దగ్గరే ఉంది. కమిటీ పెద్దాయన బైనాక్యులర్స్ తీసుకొని రోడ్డు మీదికి చూసి, "మరి మనం ఇంతసేపూ వెంబడించింది వెదురు బొంగుల లారీని అనుకుంటాను" అని హిందీలో అన్నాడు. నలుగురూ నవ్వారు. సారు ముఖం పాలిపోయింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది.

సారు నన్ను పక్కకు పిలిచారు. "డ్రైవర్ ఆగలేదమ్మా. రోజూ ఆగేవాడు ఈ రోజు ఆగలేదు. డ్రైవర్ తప్పు అని చెబితే భోజనాలయ్యాక ఇంకో డ్రైవర్‌తో మళ్లీ చూస్తామంటున్నారు. నువ్వు ఒక్క మాట చెప్పు చాలు."

ఒక్క మాటేమిటి, పది మాటలు ఉన్నాయి నా నోట్లో. లారీ వెనక్కి వచ్చి గుట్ట కింద ఆగడం చూసి రాళ్లల్లో పడుతూ లేస్తూ దిగాను.

"ఏందన్నా గిది? ఎందుకు ఆపలే? దినాం ఆపుతవు, గియ్యాల్లనే ఎందుకు ఆపలే? నా నోట్లె మన్ను గొట్టినవ్!"

అన్న కిందికి దిగి నిలబడ్డాడు. తువ్వాలు తీశాడు. గుండు.

"అవ్వ పోయింది చెల్లె. మొన్న మూడొద్దులు చేసినం."

నా చెయ్యి దానంతటదే నా జడ మీదికి పోయింది.

"మైలల ఉన్నోణ్ని, అమ్మ కాడ ఎట్ల ఆగుత? దండం గూడ పెట్టొద్దు. తల వంచుకొని తోలుకొచ్చిన." తప్పు చేసినవాడిలా నిలబడి చెబుతున్నాడు. "నీకు చెప్పకుంటెనే పని కానిద్దామనుకున్న. నేను రాకుంటె ఇంకొకణ్ని పిలుస్తరు. కొత్తోడు ఘాటు మీద ఎట్ల తోలుతడో ఏమో, నీ లెక్క తప్పుతదని వచ్చిన. లెక్క తప్పిందా చెల్లె?"

మైల అంటే నాకు తెలియదా? బాపు పోయినప్పుడు మేమూ గుడి గడప తొక్కలేదు. అంతా తెలుసు. కానీ ఈ రోడ్డు మీద నేను చూసినవన్నీ ఎండాకాలం సెలవులే. ఇంట్లో పీనుగ లేచినా లారీ తోలక తప్పని రోజు ఒకటి ఉంటుందని, ఆ రోజు డ్రైవర్ మైసమ్మ వైపు చూడకుండా పోతాడని, కొబ్బరిముక్క నమిలే పిల్లకు ఎవరు చెబుతారు? బాపు కూడా అట్లా పోయే ఉంటాడు, వాళ్ల అవ్వ పోయినప్పుడో, తమ్ముడు పోయినప్పుడో. ఆ ట్రిప్పులకు నన్ను తీసుకుపోలేదు.

మళ్లీ గుట్ట ఎక్కాను. ఆ ఎక్కుడంతా నాలో నేను కొట్లాడుకున్నాను, అబద్ధం చెప్పను. డ్రైవర్ తప్పు అంటే పోయేదేముంది? అన్నకు తెలియను కూడా తెలియదు. మళ్లీ నడిపిస్తే ప్రోగ్రాం నెగ్గుతుంది, నెగ్గుతుందని నాకు తెలుసు. గుడారంలోకి పోయాను. అందరూ నా ముఖమే చూస్తున్నారు.

"డ్రైవర్ తప్పేం లేదు" అన్నాను. "రోజూ ఎట్లా నడుపుతావో అట్లాగే నడుపు అన్నాం, అట్లాగే నడిపాడు. వాళ్లమ్మ చనిపోయింది. మా దగ్గర అశౌచంలో ఉన్నవాళ్లు ఆ గుడి దగ్గర ఆగరు. ప్రతి బండీ ఆగుతుందని రాసింది నేను. ఆగేవి, ఆగనివి రెండూ ఉంటాయని రాసి, రెండు చుక్కల వెంటా పోవలసింది."

"అయితే రోడ్డు మీద ఏం జరుగుతుందో మీ ప్రోగ్రాంకు పూర్తిగా తెలియదన్నమాట," అన్నాడు పెద్దాయన. వెటకారం లేదు, మామూలుగానే అన్నాడు.

"తెలియదు సార్."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. రెండో పరీక్ష మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. సారు నా వైపు చూడకుండా బయటికి పోయారు. ఆ తర్వాత కొత్త రాడార్‌లో మామూలు పద్ధతే పెట్టారు, నన్ను ఇంకో పనికి మార్చారు. బీరువాలో పెట్టిన నా ప్రోగ్రాంను మళ్లీ తీసినవాళ్లు లేరు. చాలా రోజులు బాధపడ్డాను. ఇప్పుడు కూడా బాధ లేదని అనలేను.

కిందికి వచ్చేసరికి అన్న లారీ తిప్పి పెట్టుకున్నాడు. ఎవరో అతనికి అప్పటికే చెప్పేశారు.

"నా తప్పని చెప్తె అయిపోతుండె గద చెల్లె! నాకేమయితుండె? నన్నేమన్న జెయిల్ల ఏస్తుండెనా?" అని నా మీద కోపానికొచ్చాడు.

"నువ్వు తప్పు చెయ్యలే గదన్నా."

అంతే అన్నాను. అతను స్టీరింగ్ మీద తల పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చాడు. కట్టెలు, బియ్యం, చుట్టాలు అంటూ ఆమె పోయినప్పటి నుంచీ ఏడవడానికి కూడా తీరిక దొరకలేదట. నేను సారుకు చెప్పలేదు, పెట్టె సర్దుకోలేదు, అట్లాగే లారీ ఎక్కాను. లక్సెట్టిపేట పోవాలంటే మళ్లీ ఘాటు దిగాల్సిందే. దారంతా అన్న పెద్దవ్వ ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. చివరి రోజుల్లో మనుషులను గుర్తుపట్టలేదట. "పోరి వస్తనన్నది, నువ్వుల నూనె తెచ్చి పెట్టుండ్రి" అని మాత్రం రెండుసార్లు అన్నదట. అప్పటిదాకా నా బుర్ర నిండా ప్రోగ్రామే ఉంది. ఆ మాటతో నాకు ఏడుపు ఆగలేదు.

మైసమ్మ మలుపు వచ్చింది. రెండు లారీలు, ఒక బస్సు ఆగి ఉన్నాయి. అన్న బ్రేకు మీద కాలు పెట్టి నా వైపు చూశాడు.

"నాకంటే మైల. నువ్వు మాకు బయటిదానివి గద చెల్లె, నీకేం పట్టింపు లేదు. ఆపుత, నువ్వు దిగి మొక్కుకొని రా."

"నాగ్గూడ ఉన్నదన్నా," అన్నాను. "పోనియ్యి."

అన్న గేరు మార్చాడు. ఇద్దరం తలలు వంచుకొని మలుపు దాటాం.